పెద్ద కొట్టులో నొక్కు బిస్కెట్

పోయినవారం మనం బేకరీ ముందు గదిలో, టీ చల్లారిపోతుండగా ఆగిపోయాం. మూల కొట్టు బాబాయి ఎప్పుడూ ఖాళీ గాజు సీసా పట్టుకుని వచ్చేవాడు, ఆవేళ మాత్రం పెద్ద కొట్టు వాళ్ల ఎర్ర పొట్లం పట్టుకుని వచ్చాడు. పలకరించలేదు, కుర్చీ లాక్కోలేదు. పొట్లం చింపి ఒక్క బిస్కెట్ తీసి బల్ల మీద పెట్టాడు. దాని నడుమ బొటనవేలితో నొక్కిన గుంట ఉంది. కోడలు టీ గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

కోడలంటే నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన పిల్ల అనుకునేరు. ఆవిడకి చెవుల పక్కన జుట్టు నెరిసి చాలాకాలమైంది. బేకరీకి అసలు యజమానురాలు అత్తగారు కాబట్టి వీధి వీధంతా ఈవిడని ఇంకా కోడలి కిందే లెక్కేస్తుంది. బిస్కెట్ల కోసం వచ్చే చిన్నపిల్లలు కూడా "కోడలుగారూ" అనే పిలుస్తారు.

నొక్కు బిస్కెట్ కథ కూడా చెప్పుకోవాలి. వెన్న ఎక్కువ పడే పిండి కదా, బట్టీలో పెట్టగానే నడుమ పొంగి పగిలేది. అత్తగారు వయసులో ఉన్నప్పుడు ప్రతి బిస్కెట్ నడుమా బొటనవేలితో ఓ నొక్కు నొక్కి చూసింది. పగులు ఆగింది, ఆ పేరు నిలిచిపోయింది. చుట్టుపక్కల ఏ చిన్న కొట్టుకి వెళ్లినా గల్లాపెట్టె పక్కన గాజు సీసాలో అవే ఉంటాయి. ఇప్పటికీ నొక్కేది అత్తగారే. ఇంకెవరైనా చెయ్యి పెడితే "దాన్ని నొక్కడమనరు, గిచ్చడమంటారు" అని లేపేస్తుంది.

అన్ని సరుకులూ చవగ్గా అమ్మే ఆ పెద్ద కొట్టు తెరిచాక చిన్న కొట్లలో సీసాలు ఖాళీ కావడం మానేశాయి. బేకరీలో సగం ట్రేలు గోడకి చేరాయి. అప్పుడా పెద్ద కొట్టు వాళ్లే వచ్చి, అదే పిండితో, నొక్కు లేకుండా, ఫోర్కుతో పొడిచి, మా పొట్లంలో పెట్టివ్వండి, మా పేరుతో అమ్ముకుంటాం అన్నారు. కోడలు ఒప్పుకుంది. అత్తగారికి చెప్పలేదు. వీధికి అసలే చెప్పలేదు. అత్తగారు పొద్దున టీ తాగి మేడ దిగేసరికి ఆ సరుకు బండెక్కి వెళ్లిపోయేది.

ఒక్కరోజు బట్టీ ఆలస్యంగా రాజుకుంది. అత్తగారు దిగేసరికి ట్రేలన్నీ పచ్చి పిండితో, నొక్కు లేక బోసిగా ఉన్నాయి. తను రాకముందే కాల్చేసి చేతులు దులుపుకుందామని చూస్తున్నారనుకుని, ఆవిడ స్టూలు లాక్కుని కూర్చుని, పనివాళ్లని తిట్టుకుంటూ ఒక్కటి వదలకుండా నొక్కేసింది. ఆపాలంటే అవి ఎవరికోసమో చెప్పాలి. బయట బండివాడు హారన్ కొడుతున్నాడు. "పోనీలే, బిస్కెట్ పొట్ట ఎవరు చూస్తారు" అని కోడలే వాటిని పొట్లాల్లో పెట్టించి పంపేసింది.

చూసినాయన ఇప్పుడు ఎదురుగా నిలబడ్డాడు.

"ఇది ఎవరి వేలమ్మాయ్?" అన్నాడు.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే కోడలికి కాస్త సులువయ్యేది, తనూ నాలుగు మాటలు అనేది. వెనక గది గుమ్మంలోంచి ఆవిడ భర్త ఓసారి తొంగి చూశాడు. మంచి మనిషి. ఎంత మొండి పిండినైనా లొంగదీస్తాడు కానీ, ఇద్దరు మనుషులు గట్టిగా మాట్లాడుకునేలా ఉన్నారంటే చాలు, బట్టీ చాటుకి వెళ్లిపోతాడు. ఇప్పుడూ వెళ్లిపోయాడు.

"అత్తయ్య వేలే, బాబాయిగారూ."

"ఎప్పట్నుంచి?"

"ఎండాకాలం నుంచి ఇస్తున్నాం. నొక్కు మాత్రం ఒక్కరోజే పడింది. పొరపాటున."

"అంటే నేను ఎండాకాలం నుంచి వెధవనన్నమాట." బాబాయి కుర్చీలో కూర్చున్నాడు. "రిటైరైన మాస్టారు నా కొట్టు మెట్ల మీద కూర్చుని, ఆ ఎర్ర పొట్లం బిస్కెట్ అచ్చం మనదానిలాగే ఉందయ్యా అన్నాడు. నేనేమన్నానో తెలుసా? మాస్టారూ, అది రంపపు పొట్టు, మన బిస్కెట్‌తో దానికి పోలికేంటి, రెండూ ఒకటే అని తేలితే మీసం తీసేస్తానన్నాను. నలుగురూ ఉండగా అన్నాను. ఇప్పుడు నా మీసం సంగతి నువ్వే చెప్పు."

కోడలికి నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి ఏడుపైంది. కొంగుతో కళ్లు తుడుచుకుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"మీరు తిట్టండి, పడతాను. కానీ ఒక్కమాట వినండి. నిరుడు మీ సీసా వారానికి రెండుసార్లు నింపేదాన్ని. ఇప్పుడెన్నాళ్లకి నింపుతున్నాను? అన్ని కొట్లూ అంతేగా. ఈ ట్రేల దగ్గర పనిచేసే ఆడవాళ్లకి నేనేం చెప్పను? ఇళ్లకెళ్లిపొమ్మననా?"

"వాళ్లు కూడా అక్కడే కొంటున్నారుగా. నేను చూస్తూనే ఉన్నా. సాయంత్రం నా కొట్టు ముందు నుంచే పసుపు సంచులు ఊపుకుంటూ వెళ్తారు. నన్ను చూసి సంచీ అవతలి చేతిలోకి మార్చుకుంటారు, పాపం."

"కొంటారు మరి. పిల్లల బడి బూట్లు అక్కడ సగానికొస్తున్నాయి. పిండి కలిపే ఆవిడ కూతురు నిరుడు చెప్పుల్లేకుండా వెళ్లేది. ఇవాళ టకటకమంటూ వెళ్తోంది. దాన్ని చూసి నేను పెద్ద కొట్టుని తిట్టలేను, బాబాయిగారూ."

"తిట్టమని నేనూ అనను. ఆ బూట్లు మూడు నెలలకి నోరు తెరుస్తాయి. అప్పుడు ఇంకో జత కొంటారు. కుట్టించుకుందామంటే వీధిలో చెప్పులు కుట్టేవాడు లేడుగా ఇప్పుడు." బాబాయి బల్ల మీది బిస్కెట్‌ని వేలితో అటూ ఇటూ తిప్పాడు. "రుచి మాత్రం అదే. ఎంత వెతికినా వంక దొరకలేదు."

ఆ మాటతో ఇద్దరి మధ్యా గాలి కాస్త చల్లబడింది. కోడలు ఇంకో గ్లాసులో టీ పోసి ఆయన ముందు పెట్టింది. పెడుతూ ఉండగా అసలు ప్రశ్న తట్టింది ఆవిడకి. పెద్ద కొట్టు గడప తొక్కనని ఒట్టేసినాయన. వాళ్లు పంచిన రంగు కాగితాలు తన కొట్టు మెట్ల మీద పడితే చీపురుతో ఊడ్చి అవతలికి తోసినాయన.

"అవును గానీ, ఈ పొట్లం మీ చేతికెలా వచ్చింది?"

బాబాయి నీళ్లు నమిలాడు. "ఎవరో ఇచ్చారు."

"ఎవరు?"

"మీ పిన్ని తెచ్చినట్టుంది."

"అయితే పిన్నిగారినే అడుగుతానుండండి."

"వద్దొద్దు, దాన్ని లాగకు." బాబాయి టీ గ్లాసు దించాడు. గుమ్మం వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. "ఉద్యోగానికి వెళ్లానమ్మాయ్."

"ఏ ఉద్యోగానికి?"

"లోపలికెళ్లే వాళ్ల సంచులు తీసుకుని టోకెన్ ఇస్తారు చూడు, ఆ కౌంటర్లో. యూనిఫాం ఇస్తారట. నా పొట్టకి సరిపడే కొలత ఉందా అనడిగాను, తెప్పిస్తామన్నారు. కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా అన్నాను. దానికి మాత్రం నవ్వి ఊరుకున్నారు."

వీధిలో సగం ఇళ్ల తాళంచెవులు బాబాయి కొట్టులో మేకులకి వేలాడుతుంటాయి. బడి నుంచి వచ్చిన పిల్లలు ఆయన దగ్గరే తాళం తీసుకుంటారు. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరు ఊళ్లో లేరో, గ్యాస్ వాడు వస్తే ఎవరి తలుపు కొట్టాలో అన్నీ ఆయనకే తెలుసు. సబ్బులూ అగ్గిపెట్టెలూ అమ్మడం ఆ పనులన్నిటి మధ్యా ఆయన చేసే ఇంకో పని. అలాంటి మనిషి ఊరి వాళ్ల సంచులకి కాపలా నిలబడబోతున్నాడు.

"పిన్నిగారికి తెలుసా?"

"తెలిస్తే ఇంకేమన్నా ఉందా? మొన్న వెళ్లాను. బయట గదిలో కూర్చోబెట్టి, ప్లేట్లో బిస్కెట్లు పెట్టారు. పరధ్యానంగా ఒకటి తీసుకున్నాను. వేలికి గుంట తగిలింది. చూడక్కర్లేకపోయింది, అక్కడే తెలిసిపోయింది. వస్తూ పొట్లం కొన్నాను. ఇక్కడి దాకా వచ్చాను కూడా. నిన్ను అడిగే ధైర్యం లేక పెరటి దోవన వెళ్లిపోయాను. వాళ్లకి ఇవాళ సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పాలి. చెప్పేముందు ఇది అడిగి పోదామని వచ్చా."

"నేను ఇవ్వకపోతే మీరు వెళ్లరా?"

"చూడమ్మాయ్, నా కొట్టుకి జనం సబ్బు కోసం రారు. సబ్బు అక్కడ చవక. నీ బిస్కెట్ల కోసం వచ్చి, వచ్చారు గనక సబ్బు కొంటారు. ఆ సీసా కూడా అక్కడికే పోతే నేను తాళాలు తగిలించుకునే మేకునవుతాను, అంతే."

బయట కారు ఆగిన చప్పుడయింది. కోడలు కిటికీలోంచి చూసి గతుక్కుమంది. వస్తున్నది పెద్ద కొట్టులో కొనుగోళ్లు చూసే అమ్మాయి. కబురు చెయ్యకుండా ఎప్పుడూ రాదు. బాబాయి కూడా చూశాడు. మొన్న తనని బయట గదిలో చూసిందో లేదో తెలియదు, ఇక్కడ మాత్రం చూడకూడదనుకున్నాడో ఏమో, ఆ వయసులో అంత చురుగ్గా కదలగలడని ఎవరూ అనుకోరు, లేచి పిండి బస్తాల వెనక్కి దూరిపోయాడు.

కొనుగోళ్ల అమ్మాయి లోపలికి వస్తూనే చెప్పులు గుమ్మంలో విప్పింది. చూడముచ్చటైన పిల్ల. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడటం వచ్చు.

"ఆంటీ, మమ్మల్ని భలే భయపెట్టారు. బిస్కెట్‌లో గుంటలేంటి అని మా పైవాళ్లు గోల."

"పొరపాటయింది తల్లీ. ఇంకోసారి కాదు."

"అయ్యో, కావాలి ఆంటీ! అందుకే వచ్చాను. గుంటలున్న పొట్లాలు ఇలా పెట్టడం, అలా అయిపోవడం. జనం మళ్లీ అవే అడుగుతున్నారు. చేత్తో చేసినట్టుందని ఒకావిడ నాతోనే అంది. ఇకనుంచి అన్నీ అలాగే కావాలి. ఇక్కడికే కాదు, మా అన్ని కొట్లకీ."

"అన్నిటికీ అత్తయ్య ఎక్కడ నొక్కుతుంది?"

"నొక్కక్కర్లేదు. మిషన్‌కి అచ్చు పెడతాం. అమ్మగారి వేలి అచ్చు. తీసే సామాను కార్లోనే ఉంది, ఐదు నిమిషాల పని. ఇంకో బట్టీ పెట్టించే ఏర్పాటు కూడా మేమే చూస్తాం. ఒక్కటే షరతు ఆంటీ. ఆ గుంట బిస్కెట్ మా దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకకూడదు."

బస్తాల వెనక ఏదో డబ్బా దొర్లింది.

"పిల్లి ఉందా ఆంటీ?"

"ఉంది. ముసలిది." కోడలు ముఖం మామూలుగా పెట్టుకుంది. "ఇంట్లో అడిగి చెప్పాలి తల్లీ. అత్తయ్యకి ఇంకా ఈ ఎర్ర పొట్లం సంగతే తెలియదు."

"తొందరేం లేదు. అమ్మగారు ఒప్పుకుంటే చాలు, బేకరీ ఉన్నది ఆవిడ పేరు మీదేగా. నా నమస్కారాలు చెప్పండి." బల్ల మీద ఉన్న బిస్కెట్ చూసి, "మాదే!" అని మురిసిపోతూ అది నోట్లో వేసుకుని వెళ్లింది. కారు పక్క సందులో పెట్టినట్టుంది, అటు తిరిగింది.

బాబాయి బయటికి వచ్చాడు. మీసం నిండా పిండి.

"ఇక తీయక్కర్లేదులెండి, మొత్తం నెరిసింది," అంది కోడలు.

ఆయన నవ్వలేదు. భుజాలు దులుపుకుని, "ఒప్పుకోమ్మాయ్," అన్నాడు. "ఇంకో బట్టీ అంటే ఇంకో పదిమందికి పని. నా ఒక్క కొట్టు కోసం కాదనకు. నాకు ఎలాగూ దారి ఉంది. కుర్చీ లేదు కానీ దారైతే ఉంది."

ఆయన అలా అనకపోయి ఉంటే కోడలు ఏం చేసేదో మనకి తెలియదు. ఏడ్చి, బతిమాలి, దెప్పిపొడిస్తే బహుశా మొండికేసేది. ఒప్పుకో అన్నాడు గనక ఆవిడ మనసు అటు నుంచి ఇటు తిరిగింది. తెల్లారకముందే బండెక్కించిన ట్రేలన్నీ కళ్లముందు కదిలాయి. ఇన్నాళ్లూ ఆయన వస్తే సీసా నింపుతూ, నవ్వుతూ, ఒక్క ముక్క చెప్పకుండా గడిపినందుకు సిగ్గేసింది. ఒళ్లంతా వేడెక్కేంత సిగ్గు.

"లేదు బాబాయిగారూ. ఫోర్కుతో పొడిచింది ఎంత కావాలంటే అంత ఇస్తాను. పిండి అమ్ముకున్నాను, అది అమ్ముతాను. ఈ నొక్కు మాత్రం మీ సీసాలది. అది ఇవ్వను."

"మొత్తం ఆర్డరే మానేస్తే?"

"మానేస్తే అప్పుడు చూద్దాం."

"మీ అత్తగారు?"

"ఆవిడ సంగతి మీకు తెలీదా? ఇంకొకళ్ల వేలే పడనివ్వదు, మిషన్‌ని పడనిస్తుందా?" కోడలు ధీమాగా అంది. "నా మాట నమ్మండి. నొక్కు బిస్కెట్ పెద్ద కొట్టు గడప తొక్కదు. నేను మాటిస్తున్నాను."

బాబాయి మీసానికున్న పిండి తుడుచుకున్నాడు. "మరైతే ఆ ఉద్యోగానికి రానని చెప్పేయనా?"

"చెప్పేయండి."

ఆయన వెళ్తుంటే చూసింది. వచ్చినప్పటికంటే పదేళ్లు తగ్గినట్టు నడుస్తున్నాడు. పొట్లం బల్ల మీదే వదిలేశాడు. కోడలు దాన్ని మడిచి చెత్తబుట్టలో పడేసి, ఇక అత్తగారికి అన్నీ చెప్పేద్దామని, ఇవాళే చెప్పేద్దామని, పెరట్లోకి నడిచింది.

పెరట్లో బట్టలారేసిన తీగ కింద అత్తగారు పీట వేసుకుని కూర్చుని, చెంబు నీళ్లలో చెయ్యి కడుక్కుంటోంది. పక్కన ఆవిడ కొడుకు తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. బట్టీ చాటున ఉన్నాడనుకున్న మనిషి ఇక్కడ తేలాడు. అత్తగారి బొటనవేలి గోరు చుట్టూ గులాబీరంగు ముద్ద అంటుకుని ఉంది. పళ్ల డాక్టర్లు అచ్చు తీయడానికి నోట్లో పెడతారే, అలాంటిది.

"ఈ రంగు వదలదేమిటే," అంది అత్తగారు. "చూడు, చిన్నపిల్ల గోరింటాకు పెట్టుకున్నట్టు లేదూ?"

కోడలు వంగి ఆ వేలు పట్టుకుని చూసింది. "ఎవరొచ్చారు అత్తయ్యా?"

"ఆ కొనుగోళ్ల పిల్ల. సందులో కారెక్కబోతుంటే గోడ మీంచి నేనే పిలిచాను. మంచి పిల్లే, వంగి కాళ్లకి దణ్ణం కూడా పెట్టింది."

"మీకు… అంతా తెలుసా?"

"నా బట్టీలో ఏం కాలుతోందో నాకు తెలియదనుకున్నావా? ఆ రోజు నొక్కేశాక మీ అందరి మొహాలూ చూశాను. సాయంత్రం పనివాళ్లని ఒక్కొక్కళ్లనీ విడిగా కూర్చోబెట్టి అడిగాను. నువ్వే వచ్చి చెప్తావని ఎదురుచూశాను. చెప్పలేదు. సరే, దానికీ ఏదో భయం ఉందిలే అని ఊరుకున్నాను."

కోడలు తల వంచుకుంది. భర్త వైపు చూసింది. "మీరిక్కడే ఉన్నారు. ఒక్క కేక వేయలేకపోయారా?"

"అమ్మ సరేనంది కదా మరి," అన్నాడాయన, తువ్వాలు మడతపెడుతూ.

"వాణ్ణనకు. నేనే సరేనన్నాను," అంది అత్తగారు. "వాళ్ల పైవాళ్లెవరితోనో ఫోన్లో కూడా మాట్లాడించింది, వాళ్లకీ చెప్పాను. ఈ వేలు పొద్దున్నే వంగడం లేదే. వేడినీళ్లలో నానబెట్టి దిగుతున్నాను రోజూ. ఇంకెన్నాళ్లు? నా తర్వాత నువ్వు నొక్కుతావా? నీది గిచ్చుడు. పోనీ మిషనైనా నాలాగా నొక్కితే, నేను పోయాక కూడా ఎక్కడెక్కడి పిల్లలో నా వేలు తింటారు. నవ్వకు గానీ, నాకు ఆశ పుట్టింది."

కోడలు నవ్వే స్థితిలో లేదు. "అత్తయ్యా, ఇక చిన్న కొట్లకి ఇవ్వకూడదని చెప్పిందా ఆ అమ్మాయి?"

"చెప్పింది. దాచలేదు."

"మరి బాబాయిగారి కొట్టు?"

"మొన్నటిదాకా అయితే అదే నన్ను వెనక్కి లాగేది." అత్తగారు తువ్వాలు అందుకుని వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకుంది. "మొన్న పెరటి దోవన వచ్చాడు. ఇంట్లో కూడా చెప్పలేదు, నీతోనే చెప్తున్నాను వదినా, నాకు పెద్ద కొట్టులో ఉద్యోగం దొరికింది, ఇక కొట్టు మూసేస్తాను అన్నాడు. బిక్కమొహం పెట్టుకునే అన్నాడనుకో. నాకు మాత్రం గుండెల మీంచి బండ దించినట్టయింది. అమ్మయ్య, వాడికి ఓ దారి దొరికింది, ఇక నా వేలు ఎవరి కూడూ తీయదు అనుకున్నాను. లేకపోతే ఒప్పుకునేదాన్నా? వాడు నా కళ్లముందు పెరిగినవాడు."

కోడలు ఆ తర్వాతి మాటలు వినలేదు. గుమ్మంలో చెప్పులు వేసుకోవడం కూడా మర్చిపోయి వీధిలోకి పరుగెత్తింది. సాయంత్రంలోగా అన్నాడు. ఇంకా పొద్దు వాలలేదు. కొట్టుకి వెళ్లి, కాళ్లు కడుక్కుని, నింపాదిగా ఫోన్ చేసే మనిషి ఆయన. ఏ పనీ గబగబా చేసి ఎరగడు. మూసేసిన చెప్పులు కుట్టే బంకు దాటింది. ఎవరో పలకరిస్తే వినిపించుకోలేదు.

మూల కొట్టు మెట్ల మీద మాస్టారు లేడు. లోపల మేకుల మీద తాళంచెవులు గాలికి మెల్లగా తగులుకుంటున్నాయి. బాబాయి గల్లాపెట్టె వెనక నిలబడి, అప్పుడే ఫోన్ కింద పెడుతున్నాడు.

"రా అమ్మాయ్, రా! చెప్పేశాను," అన్నాడు ముఖమంతా నవ్వుతో. "రానని చెప్పేశాను. ఇంకొకాయన వరసలో ఉన్నాడట, పాపం ఆయన్ని అప్పుడే లోపలికి పిలిచేశారు. ఒక మనిషికి పనిచ్చినట్టు కూడా అయింది."

"బాబాయిగారూ…"

"ఉండు, మీ పిన్నికి ఇప్పుడే అంతా చెప్పాను. మొదట తిట్టింది, తర్వాత ఏడ్చింది." లోపలికి తిరిగి కేకేశాడు. "ఏమేవ్, కోడలు వచ్చింది!"

పిన్ని తెర తొలగించుకుని వచ్చింది. గల్లాపెట్టె ఇవతలికి వచ్చి కోడలి రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని కళ్లకి అద్దుకుంది. ఆ కళ్లు ఇంకా తడిగా ఉన్నాయి.

కోడలు చేతులు వెనక్కి లాక్కోలేకపోయింది. ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి ఆయన వైపు చూసింది.

"బాబాయిగారూ, మీరోసారి కూర్చోండి," అంది.

ఆయన నవ్వుతూనే కూర్చున్నాడు.